మీ యూనివర్సిటీ జట్టు పేరు ఒక జాతిని కించపరుస్తోందా? మార్పించాలంటే ఇలా మొదలుపెట్టండి

ఎమ్మెస్ కోసం అమెరికాకో కెనడాకో వెళ్ళిన మన పిల్లల్లో చాలామంది మొదటి నెలలోనే కొనేది యూనివర్సిటీ హుడీ. దాని మీద గద్ద బొమ్మ ఉంటే గొడవ లేదు, ఎలుగుబంటి ఉన్నా లేదు. ఈకల కిరీటం పెట్టుకున్న మనిషి ముఖమో, ఒక తెగ పేరో ఉంటే మాత్రం ఒక్క నిమిషం ఆగండి. ఆ తెగలో పుట్టిన అమ్మాయి మీ క్లాసులోనే ఉండొచ్చు. మన ఊళ్ళలో కొన్ని కులాల పేర్లు తిట్లుగా వాడడం మనం విన్నవాళ్ళమే, ఎవరైనా అడిగితే "తిట్టాలని అనలేదండీ, అలవాటులో వచ్చేసింది" అనే జవాబు కూడా విన్నవాళ్ళమే. అక్కడా మీకు అచ్చం అదే జవాబు వస్తుంది. పైగా చాలా జట్లకు పెట్టిన పేరు "ఇండియన్స్", అక్కడి ఆదివాసులను తెల్లవాళ్ళు పిలిచిన పేరు అది. పాస్‌పోర్టు మీద ఆ మాట మోసుకుని వచ్చిన మనకు, అది ఇంకొకరి నెత్తిన ఎలా పడిందో తెలుసుకోవాల్సిన బాధ్యత కాస్త ఎక్కువే ఉందని నా అభిప్రాయం.

ఈ పని ఒక సెమిస్టర్‌లో అయిపోదు. కానీ విద్యార్థులు పట్టుబట్టి సాధించిన చోట్లు చాలా ఉన్నాయి, ఎక్కడ గెలిచారో ఎక్కడ చిక్కుకుపోయారో చూస్తే దారి తెలుస్తుంది.

పిటిషన్ రాయడం కన్నా ముందు, ఆ పేరు ఎవరిదో వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. క్యాంపస్‌లో నేటివ్, అంటే అక్కడి ఆదివాసీ తెగల, విద్యార్థుల సంఘం ఉంటే వాళ్ళ మీటింగ్‌కు వెళ్ళి వెనక వరసలో కూర్చుని వినండి. ఇల్లినాయ్ యూనివర్సిటీలో 1926 నుంచి ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ మ్యాచ్‌ల విరామంలో ఒక విద్యార్థి ఈకలు కట్టుకుని "చీఫ్ ఇల్లినివెక్"గా గంతులు వేసేవాడు. స్పోకేన్ తెగకు చెందిన చార్లీన్ టీటర్స్ 1980ల చివర్లో ఆర్ట్‌లో పీజీ చేయడానికి అక్కడికి వచ్చి, ఒకరోజు తన పిల్లల్ని మ్యాచ్‌కు తీసుకెళ్ళారు. ఇంట్లో పవిత్రంగా చూసుకునే ఈకలు అక్కడ తమాషా అయిపోవడం చూసి పిల్లలు సిగ్గుతో సీట్లలో ముడుచుకుపోయారని ఆవిడే తర్వాత చెప్పారు. ఆ తర్వాత ఆవిడ ప్లకార్డు పట్టుకుని స్టేడియం బయట ఒంటరిగా నిలబడ్డారు, తిట్లు తిన్నారు. ఆ డ్యాన్స్ చివరిసారిగా జరిగింది 2007 ఫిబ్రవరి 21న, అంటే దాదాపు పద్దెనిమిదేళ్ళ తర్వాత. మీ పిటిషన్‌లో మొదటి పేరా అలాంటి మనిషి మాటల్లో, వాళ్ళ అనుమతితో ఉండాలి. వాళ్ళ తరఫున మీరు ఊహించి రాస్తే ఒక్క ప్రశ్నకే కూలిపోతుంది.

తెగ కౌన్సిల్ ఏమంటోందో కూడా ముందే కనుక్కోవాలి, ఎందుకంటే అన్ని చోట్లా జవాబు ఒకటే రాదు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ జట్టు పేరు సెమినోల్స్, దానికి ఫ్లోరిడా సెమినోల్ తెగ కౌన్సిల్ అధికారికంగా మద్దతు తెలిపింది. అలాంటి చోట బయటివాళ్ళం వెళ్ళి ఉద్యమం మొదలుపెట్టడం మర్యాద కాదు. నార్త్ డకోటా యూనివర్సిటీ జట్టుకున్న "ఫైటింగ్ సూ" పేరు మీద (సూ అనేది అక్కడి ఆదివాసులను పిలిచే పేరు) రెండు తెగలు రెండు దారులు పట్టాయి. స్పిరిట్ లేక్ వాళ్ళు 2009లో ఓటింగ్ పెట్టుకుని పేరు ఉండనివ్వండి అన్నారు, స్టాండింగ్ రాక్ కౌన్సిల్ వద్దంటూనే వచ్చింది. మీ దగ్గరా అలా ఉంటే రెండో మాటను దాచకండి, మీరే ముందు చెప్పండి. అవతలివాళ్ళు బయటపెట్టేదాకా ఆగితే మీ మిగతా మాటలన్నీ కూడా అనుమానంలో పడతాయి.

ఇక లైబ్రరీ పని. నా దృష్టిలో మొత్తం ఉద్యమానికి వెన్నెముక ఇదే, ప్లకార్డుల కన్నా ఇదే ఎక్కువ పని చేస్తుంది.

మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీ పురుషుల జట్లను 1920ల నుంచి "రెడ్‌మెన్" అనేవారు. పేరు పెట్టింది జెర్సీ ఎరుపు రంగును బట్టి, నేటివ్ ప్రజలతో దానికి సంబంధం లేదు అనేది దాన్ని వెనకేసుకొచ్చేవాళ్ళ మొదటి వాదన. పుట్టుక వరకు అది నిజమే కావచ్చు. కానీ 1950లలో అవే జట్లను "ఇండియన్స్" అని పిలిచారు, 1980లలో జెర్సీల మీదికి నేటివ్ మనిషి ముఖం లోగో వచ్చింది, 1992లో దాన్ని తీసేయాల్సి వచ్చింది. ఆ కాగితాలు బయటికి వచ్చాక "రంగు మాత్రమే" అనే మాట నిలబడలేదు. అందుకే మీ లైబ్రరీలో ఆర్కైవ్స్ విభాగానికి వెళ్ళి పాత ఇయర్‌బుక్‌లు, క్యాంపస్ పత్రిక సంచికలు, మ్యాచ్ ప్రోగ్రామ్‌లు అడగండి. అక్కడి లైబ్రేరియన్లు అడిగితే చాలా ఓపికగా సాయం చేస్తారు, మనవాళ్ళు మొహమాటపడి అడగరు. ప్రతి ఫోటోకూ తేదీ, పేజీ నంబరు రాసుకుని చివరికి రెండు పేజీల నోట్ తయారు చేయండి. రెండు పేజీలు దాటితే యూనివర్సిటీని నడిపే బోర్డులోని ట్రస్టీలు చదవరు.

వీసా టెన్షన్ ఉన్నవాళ్ళకు కూడా ఈ పని బాగా సరిపోతుంది. ఊరేగింపులో ముందు నడవాల్సిన అవసరం అందరికీ లేదు. సభ పెట్టాలంటే క్యాంపస్ అనుమతి ఎలా తీసుకోవాలో స్టూడెంట్ కోడ్‌లో ఉంటుంది, అది చదవండి, అనుమానం ఉంటే ఇంటర్నేషనల్ ఆఫీసులో ముందే అడగండి.

నోట్ చేతిలో ఉన్నాక ఓటింగ్‌కు వెళ్ళండి. చాలా క్యాంపస్‌లలో బ్యాచిలర్స్ వాళ్ళకు ఒక స్టూడెంట్ సెనేట్, పీజీ వాళ్ళకు వేరేగా ఒక సంఘం ఉంటాయి. మన తెలుగు విద్యార్థులు ఎక్కువగా ఉండేది రెండోదాంట్లో, అయినా దాని ఎన్నికలు ఎప్పుడు జరిగాయో కూడా మనలో చాలామందికి తెలీదు. మీ వాట్సాప్ గ్రూపులో రూమ్ ఖాళీల మెసేజ్‌ల మధ్య ఈ ఓటు లింకు కూడా పెట్టండి, విదేశీ విద్యార్థి ఓటు కూడా ఓటే. ప్రశ్న ఒక్క వాక్యంలో ఉండాలి, "ఈ పేరు మార్చాలా వద్దా" అంతే. కొత్త పేరు ఏమిటన్నది అదే ప్రశ్నలో కలిపితే, మార్పు కావాలనుకునేవాళ్ళు కూడా ఆ పేరు నచ్చక వద్దని గుద్దేస్తారు.

మెక్‌గిల్‌లో కైనాయ్ ఫస్ట్ నేషన్‌కు (కెనడాలో ఆదివాసీ సముదాయాలను ఫస్ట్ నేషన్ అంటారు) చెందిన ఒక విద్యార్థి ముందుండి నడిపించాడు. అతను యూనివర్సిటీ రోయింగ్ జట్టులో ఆటగాడు కూడా, దాంతో "మీకు ఆటల గురించి ఏం తెలుసు" అనే నోళ్ళు మూతపడ్డాయి. మీరూ కనీసం ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ళతో కూర్చుని మాట్లాడండి, జెర్సీ వేసుకునేది వాళ్ళే కదా. అక్కడ 2018 అక్టోబర్ 31న ర్యాలీ జరిగింది, నవంబర్‌లో విద్యార్థి సంఘం ఓటింగ్‌లో దాదాపు 79 శాతం మార్చాలన్నారు, 2019 ఏప్రిల్ 12న ప్రిన్సిపల్, అంటే అక్కడ యూనివర్సిటీ అధిపతి, ఆ పేరు తీసేస్తున్నట్టు ప్రకటించారు. ఇంత వేగం అరుదు. ఈ ఓట్లు యాజమాన్యాన్ని కట్టిపడేయవు, సలహా లాంటివి మాత్రమే, ఆ సంగతి మీతో నడిచేవాళ్ళకు మొదటిరోజే చెప్పండి. లేకపోతే ఓటు గెలిచిన మర్నాడు ఏమీ మారలేదని సగం మంది నీరసపడి ఇంటికి వెళ్ళిపోతారు.

అసలు అడ్డంకి డబ్బు దగ్గర వస్తుంది. నార్త్ డకోటాలో హాకీ స్టేడియం కట్టిస్తున్న దాత రాల్ఫ్ ఎంగెల్‌స్టాడ్, పేరు మారిస్తే పని మధ్యలో ఆపేస్తానని 2000 డిసెంబర్‌లో ఉత్తరం రాశాడు. ఆ వెంటనే రాష్ట్ర ఉన్నత విద్యా బోర్డు పేరు ఉంచాలని తీర్మానించింది. స్టేడియం నిండా, నేల గ్రానైట్‌లో సహా, ఆ లోగోలే చెక్కించాడు. అయినా 2012 జూన్‌లో రాష్ట్రమంతటా ఓటింగ్ పెడితే మూడింట రెండొంతుల మంది ఆ పేరు వదిలేయడానికే ఒప్పుకున్నారు. మధ్యలో ఏం మారింది? 2005 ఆగస్టులో ఎన్‌సీఏఏ, అంటే అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంస్థ, అలాంటి పేర్లున్న విద్యాలయాలు తన ఛాంపియన్‌షిప్ పోటీలకు ఆతిథ్యం ఇవ్వకూడదని నిబంధన పెట్టింది. పేరు ఉంచుకుంటే ఆటలకే నష్టం అని జనానికి అర్థమైంది. కాబట్టి బోర్డు ముందుకు వెళ్ళినప్పుడు అన్యాయం గురించి చెప్పండి, దానితో పాటు ఖర్చు లెక్క కూడా తీసుకెళ్ళండి. జెర్సీలు, బోర్డులు ఎలాగూ కొన్నేళ్ళకు మారుస్తారు, ఆ మార్చే సమయానికే కొత్త పేరు వేస్తే అదనపు ఖర్చు ఎంత తగ్గుతుందో అంకెల్లో చూపించండి.

పాత పేరు పోయింది అని పార్టీ చేసుకుని ఆగిపోవడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. ఇల్లినాయ్‌లో 2007లో చీఫ్‌ను తీసేశారు కానీ ఆ చోట ఇంకెవరినీ పెట్టలేదు, దాంతో ఏళ్ళ తరబడి అభిమానులు పాత టీషర్టులతోనే వస్తూ ఉన్నారు. ఖాళీ పీట వేసి ఉంచితే పాతవాళ్ళే వచ్చి కూర్చుంటారు. చివరికి విద్యార్థులే ఒక పిట్టను ముందుకు తెచ్చారు, బెల్టెడ్ కింగ్‌ఫిషర్, మన లకుముకి పిట్ట జాతిదే. ఆడపిట్టకు నీలం రెక్కలు, పొట్ట మీద నారింజ పట్టీ, సరిగ్గా ఆ యూనివర్సిటీ రంగులే. 2020లో విద్యార్థుల ఓటింగ్‌లో అది గెలిచింది కూడా, కానీ యాజమాన్యం వెంటనే తలూపలేదు. 2007లోనే ఈ పని మొదలుపెట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

మార్క్వెట్ యూనివర్సిటీ కథ ఇంకో రకం. 1994లో "వారియర్స్" తీసేసి "గోల్డెన్ ఈగల్స్" పెట్టారు, అది జనానికి అంతగా ఎక్కలేదు. పదేళ్ళ తర్వాత స్నాతకోత్సవంలో ఒక ట్రస్టీ లేచి, వారియర్స్ తిరిగి తెస్తే పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. ఆ గొడవ సద్దుమణగాలని 2005లో ట్రస్టీలు తమంతట తామే జట్టుకు "గోల్డ్" అని పేరు పెట్టేశారు. విద్యార్థులు, పూర్వ విద్యార్థులు అందరూ భగ్గుమన్నారు, దాదాపు వారంలోనే వెనక్కి తీసుకుని ఓటింగ్ పెట్టారు, మళ్ళీ గోల్డెన్ ఈగల్స్ గెలిచింది. మూసిన గదిలో పెట్టిన పేరు ఎంత మంచిదైనా జనం దాన్ని తమది అనుకోరు.

కొత్త పేరు కోసం దూరం పోకండి, మీ క్యాంపస్‌లోనే వెతకండి. ఆమ్‌హర్స్ట్ కాలేజీ వాళ్ళు "లార్డ్ జెఫ్"ను వదిలేశారు, 1763లో నేటివ్ ప్రజలకు మశూచి దుప్పట్లు పంపించే ఆలోచనను ఉత్తరాల్లో సమర్థించిన సైన్యాధికారి ఆయన. 2017లో "మామత్స్" అని పెట్టుకున్నారు, ఎందుకంటే వాళ్ళ కాలేజీ మ్యూజియంలోనే మామత్ ఏనుగు అస్థిపంజరం నిలబడి ఉంది. మెక్‌గిల్ 2020 నవంబర్‌లో "రెడ్‌బర్డ్స్" ప్రకటించింది, వాళ్ళ పూర్వ విద్యార్థులు 1928లో పెట్టుకున్న స్కీ క్లబ్ పేరు అది. ఎరుపు పోలేదు, చరిత్రా పోలేదు, పాత పేరుతో ఆడిన తాతలకు కూడా పట్టుకోవడానికి ఏదో ఒకటి మిగిలింది. పూర్వ విద్యార్థులతో మాట్లాడేటప్పుడు ఈ మాట తప్పకుండా చెప్పండి, వాళ్ళు ప్రేమిస్తున్నది తమ యవ్వనాన్ని, దాన్ని మనం తీసేసుకోవడం లేదని వాళ్ళకు తెలియాలి.

చివరగా, మీ చదువు రెండేళ్ళు. జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీలో "కలోనియల్స్" పేరు మీద (ఆ మాట మనకు ఎందుకు గుచ్చుకుంటుందో విడమర్చి చెప్పక్కర్లేదు) విద్యార్థులు ఓటేసింది 2019లో, అది కూడా 54 శాతంతో బొటాబొటిగా. బోర్డు ఒప్పుకుంది 2022 జూన్‌లో, కొత్త పేరు "రివల్యూషనరీస్" వచ్చింది 2023 మేలో. ఓటేసిన సీనియర్లలో చాలామంది అప్పటికి ఉద్యోగాల్లో ఉండి ఉంటారు. అందుకే మొదటి సెమిస్టర్ నుంచే ఒక జూనియర్‌ను పక్కన పెట్టుకుని పని చేయండి. ఆర్కైవ్స్ ఫోటోలు, రెండు పేజీల నోట్, ట్రస్టీల మీటింగ్ తేదీలు, తెగ కౌన్సిల్‌లో ఎవరితో మాట్లాడారో ఆ వివరాలు, అన్నీ ఒకే డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టండి. ఆ ఫోల్డర్ మీ యూనివర్సిటీ మెయిల్‌లో ఉంటే డిగ్రీ వచ్చాక కొన్నాళ్ళకు అకౌంట్ మూసేయొచ్చు, కాబట్టి గ్రాడ్యుయేషన్ గౌను వేసుకునేలోపే దాన్ని ఆ జూనియర్ పేరు మీదికి మార్చి, తెరుచుకుంటోందో లేదో ఒకసారి వాళ్ళ ఫోన్‌లో చూసుకుని మరీ బయల్దేరండి.