క్లినిక్‌లో అపాయింట్‌మెంట్లు ఎలా ఇవ్వాలి? టోకెన్ల గొడవ వదిలించుకునే పద్ధతి

పదకొండేళ్లుగా క్లినిక్ కౌంటర్‌లో కూర్చుంటున్నాను. పల్నాడు వైపే మూడు చోట్లు మారాను. మూడు చోట్లా నేను చేరిన మొదటి రోజు విన్న మాట ఒకటే: "మా డాక్టరు గారికి జనం ఎక్కువండీ, అందుకే లేటు." కూర్చుని లెక్క కడితే మూడు చోట్లా తేలింది మాత్రం వేరు. జనం సరిపడానే ఉన్నారు. అందరినీ ఒకేసారి పిలిచి కూర్చోబెట్టడమే అసలు తప్పు.

మొదట చేరిన చోట టోకెన్ పద్ధతి ఉండేది. ఒక రోజు ఒక పెద్దావిడ తొలి పల్లెవెలుగు ఎక్కి ఏడు కాకముందే వచ్చింది. షుగర్ పరీక్ష ఉందని ఏమీ తినలేదు, మాత్ర మాత్రం అలవాటు ప్రకారం వేసుకుంది. టోకెన్ నంబరు 41. రక్తం ఇచ్చాక టిఫిన్ చేసి రమ్మని మేమెవరమూ చెప్పలేదు. చెప్పినా కదిలేది కాదేమో, పిలిచినప్పుడు లేకపోతే నంబరు పోతుందని ఆవిడ భయం. పన్నెండు దాటాక కూర్చున్న చోటే పక్కకు ఒరిగిపోయింది. ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకుతున్నాయి. సిస్టర్ పరుగున వచ్చి షుగర్ చూసి, గ్లూకోజు నీళ్ళు తాగించింది. కాసేపటికి తేరుకుని ఆవిడ అడిగిన మొదటి మాట, "బాబూ, నా నంబరు వెళ్ళిపోయిందా?"

ఆ రోజు నుంచి టోకెన్లంటే నాకు పడదు. టోకెన్ నీ ముందు ఎంతమంది ఉన్నారో చెబుతుంది, నిన్ను ఎన్నింటికి చూస్తారో చెప్పదు. మనిషికి కావాల్సింది ఆ రెండోది.

కావలసినవి

పొడుగు లెడ్జరు పుస్తకం ఒకటి, పెన్సిల్, రబ్బరు, గోడ గడియారం, అపాయింట్‌మెంట్ల కోసమే విడిగా ఒక ఫోను. పెన్నుతో రాయకూడదు, కొట్టివేతలతో పుస్తకం పాడవుతుంది. గడియారం డాక్టరు గారికి కనపడే గోడకే ఉండాలి. పేషెంట్లకు ఎలాగూ టైము తెలుసు.

యాప్ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోండి, కానీ ఆరు నెలలు పుస్తకం నడిపాక పెట్టుకోండి. లెక్క తెలియకుండా యాప్ పెడితే పాత గందరగోళమే ఫోనులోకి వెళుతుంది. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో 14 అంకెల ఆభా నంబరుతో (ఆరోగ్య ఖాతా నంబరు) క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకునే ఏర్పాటు 2022 అక్టోబర్‌లో మొదలైంది. మంచి పనే, చీటీ రాయించుకునే లైను తగ్గింది. డాక్టరు గది బయట ఉండే లైనుకు మాత్రం దానితో సంబంధం లేదు. ఈ రెండు లైన్లను కలిపి మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు విసుగు.

రెండు వారాల లెక్క

ప్రతి పేషెంటుకూ మూడు టైములు రాయండి: వచ్చింది ఎప్పుడు, లోపలికి వెళ్ళింది ఎప్పుడు, బయటికి వచ్చింది ఎప్పుడు. పక్కన ఒక అక్షరం: కొత్త అయితే 'కొ', పాత పేషెంటు అయితే 'పా', రిపోర్టు చూపించడానికి వస్తే 'రి'. ముందే ఫోన్ చేసి వచ్చారా, ఆ రోజే అనుకుని వచ్చారా అనేది కూడా రాయాలి. మనకు చివర్లో అక్కరకొచ్చేది అదే.

ఒక్కో పేషెంటుకు ఎంతసేపు పడుతుందని డాక్టరు గారిని అడగొద్దు. అందరూ "అయిదు నిమిషాలు" అంటారు. మా లెక్కలో కొత్తవాళ్ళకు పన్నెండు నిమిషాలు తేలింది. పాతవాళ్ళకు ఆరు, రిపోర్టుకు మూడు. డాక్టరు గారు నమ్మలేదు. పుస్తకం చూపించాను.

సంక్రాంతి వారం, పెళ్ళిళ్ళ ముహూర్తాలున్న వారం ఈ లెక్కలోకి రాకూడదు. మిరప కోతలప్పుడు అసలే వద్దు, అప్పుడు పల్లెల జనమంతా సాయంత్రం ఓపీకే వస్తారు.

మొదలుపెట్టే టైము

బోర్డు మీద తొమ్మిదిన్నర అని రాసి పదింబావుకు మొదలుపెట్టే చోట ఏ పద్ధతీ పని చేయదు. డాక్టరు గారు నిజంగా పదింటికే వస్తారా? అయితే బోర్డు మీద పది అని రాయించండి. చిన్నతనంగా ఉంటుందేమోనని కొందరు ఒప్పుకోరు. నలభై మందిని ముప్పావుగంట కూర్చోబెట్టడం అంతకంటే చిన్నతనం.

మొదటి టైముకు మాత్రం ఇద్దరిని పిలవాలి. ఒకరు ఆలస్యమైనా డాక్టరు ఖాళీగా ఉండరు. ఇది నా బుర్రలో పుట్టింది కాదు. 1952లోనే ఇంగ్లండ్‌లో నార్మన్ బెయిలీ అనే గణాంక శాస్త్రవేత్త ఆసుపత్రి ఓపీ క్యూలను లెక్క కట్టి చెప్పిన సంగతి.

నిమిషాలు పంచడం

ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా 210 నిమిషాలు. మా లెక్క ప్రకారం రోజుకు కొత్తవాళ్ళు ఎనిమిది మంది, అంటే 96 నిమిషాలు. పాతవాళ్ళు పన్నెండు మంది, 72. రిపోర్టులు పది, 30. మొత్తం 198. మిగిలిన పన్నెండు నిమిషాలు డాక్టరు గారి కాఫీకి, ఇంటి నుంచి వచ్చే ఫోన్లకు. అందరికీ సరిపోయింది! అప్పటిదాకా అదే క్లినిక్‌లో మధ్యాహ్నం మూడు దాటేది.

మీ లెక్క 210 దాటితే ముందు చూడాల్సింది పాతవాళ్ళను. బీపీ నెలల తరబడి అదుపులో ఉన్న మనిషిని ఇంకా పదిహేను రోజులకోసారి రమ్మంటున్నారేమో డాక్టరు గారిని అడగండి. నిర్ణయం ఆయనదే, గుర్తు చేయడం మన పని.

ఖాళీలు వదలడం (అందరూ చెడగొట్టేది ఇక్కడే)

ఆ ఇరవై మంది కొత్త, పాత పేషెంట్లలో ఎనిమిది మంది ఆ రోజే అనుకుని వచ్చినవాళ్ళని రెండు వారాల లెక్కలో తేలింది. రాత్రి జ్వరం వచ్చినవాళ్ళు, నడుం పట్టేసినవాళ్ళు, పిల్లాడికి వాంతులు పట్టుకున్నవాళ్ళు. వాళ్ళు రేపు కూడా వస్తారు, ఎల్లుండీ వస్తారు. పేర్లు మారతాయి, సంఖ్య పెద్దగా మారదు. అందుకని ముందురోజుల్లో పన్నెండు మందికే టైములిచ్చి, ఎనిమిది గళ్ళు ఖాళీగా వదలాలి.

చెప్పడానికి ఇంతే. చేయడానికి గుండె కావాలి.

మొదటి భయం డాక్టరు గారిది. ముందురోజు సాయంత్రం పుస్తకం చూసి, "రేపు ఓపీ తగ్గిందేంటి?" అని టెన్షన్ పడతారు. వెంటనే "ఆ ఖాళీల్లో ఎవరినైనా వేసేయండి" అంటారు. అక్కడ ఒప్పుకున్నారంటే మీ పని అయిపోయినట్టే. మర్నాడు ఆ ఎనిమిది మంది ఎలాగూ వస్తారు, వాళ్ళను మధ్యమధ్యలో తోస్తారు, టైమిచ్చి పిలిచినవాళ్ళు గంట కూర్చుంటారు, వారం తిరగకుండా "మీ టైములన్నీ ఉత్తివేనండీ" అనే పేరొస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందే డాక్టరు గారితో ఒక మాట అనుకోవాలి: నెల రోజుల పాటు ఆయన చూడాల్సింది మధ్యాహ్నం ఒంటిగంటకు పుస్తకంలో ఉన్న మొత్తం. హాలులో ఎన్ని కుర్చీలు నిండాయో చూడకూడదు. ఆయనకు ఇంకా నమ్మకం కుదరకపోతే అమెరికా సంగతి చెప్పండి, నాకు పని చేసింది. 1990ల్లో ఉత్తర కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే వైద్యశాలల్లో డాక్టర్ మార్క్ ముర్రే, నర్సు కాథరిన్ టాంటౌ ఈ ఖాళీల పద్ధతితోనే అపాయింట్‌మెంట్ కోసం 55 రోజులున్న నిరీక్షణను ఒక్క రోజుకు తెచ్చారు. నేను చెబితే విననివారు అమెరికా పేరు చెబితే విన్నారు.

రెండో సంగతి, ఆ గళ్ళకు పెట్టే పేరు. నేను మొదట్లో 'ఎమర్జెన్సీ' అని రాసి దెబ్బ తిన్నాను. వారంలో ఊరందరిదీ ఎమర్జెన్సీ అయిపోయింది, ఉద్యోగానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాల్సిన కుర్రాడిది కూడా. తప్పు వాళ్ళది కాదు, ఆ మాట అంటేనే గడి దొరుకుతోంది మరి. ఇప్పుడు 'ఈరోజు' అని మాత్రమే రాస్తాను. ఆ రోజు ఉదయం ఎనిమిది దాటాక ఎవరు అడిగితే వాళ్ళకు ఇస్తాను. జబ్బు ఎంత పెద్దదో ఫోనులో తూకం వేసే పని పెట్టుకోను. ఎనిమిదికి ముందు మాత్రం ఎవరికీ ఇవ్వను.

'ఎవరికీ' అంటే నిజంగా ఎవరికీ. ఇక్కడ వచ్చే ఫోన్లు రకరకాలు. ఆర్ఎంపీ గారు పంపారని ఒకరు, మేడమ్ గారి పుట్టింటి ఊరని ఒకరు, వార్డు నాయకుడి మనిషినని ఇంకొకరు. వాళ్ళందరికీ నా జవాబు ఒకటే: "తప్పకుండా అండి, పొద్దున ఎనిమిదికి ఒక్క ఫోన్ కొట్టండి, టైమిస్తాను." అందరికంటే కష్టం డాక్టరు గారితోనే. "రేపు మా క్లాస్‌మేట్ వాళ్ళ నాన్న వస్తారు, మధ్యలో పంపు" అంటారు. మధ్యలో అనే గడి నా పుస్తకంలో లేదు. ఆయన్నీ 'ఈరోజు' గడిలోనే వేస్తాను. ఎనిమిదిలో ఒకటి పోయింది, ఏడు మిగిలాయని డాక్టరు గారికి వినపడేలా చెబుతాను.

మూడోది, ఖాళీలు ఎక్కడెక్కడ పెట్టాలనేది. అన్నీ చివర్లో పెట్టేవాళ్ళున్నారు, అది శుద్ధ తప్పు. జ్వరంతో తొలి బస్సుకు వచ్చిన మనిషిని పన్నెండున్నర దాకా కూర్చోబెడితే టోకెన్ పద్ధతికీ దీనికీ తేడా ఏముంది? నేను పదిన్నరలోపు రెండు, పదకొండున్నరలోపు మూడు, ఆ తర్వాత మూడు పెడతాను. సోమవారం లెక్క వేరు. ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి ఆ బరువంతా సోమవారం మీద పడుతుంది. ఆ రోజుకు ముందుగా ఆరుగురికి మించి టైమివ్వకూడదు.

ఖాళీ గడి టైము వచ్చింది, ఎవరూ రాలేదు. కంగారొద్దు. తర్వాతి మనిషి వచ్చి కూర్చునే ఉంటాడు, లోపలికి పంపండి. రాకపోతే డాక్టరు గారికి అయిదు నిమిషాలు తీరిక దొరికినట్టు.

ఇక గళ్ళన్నీ నిండిపోయాక ఫోన్ చేసినవాళ్ళ సంగతి. వాళ్ళతో "ఈరోజు అయిపోయాయి, రేపు ఫోన్ చేయండి" అని అనకండి. అదే మనిషి రేపు ఎనిమిదికి మళ్ళీ ఫోన్ కొడతాడు, రేపటి ఎనిమిదిలో ఒకటి అప్పుడే పోయినట్టు. సాయంత్రం ఓపీలోనో రేపు ఉదయమో ఏదో ఒక టైము అక్కడికక్కడే ఇచ్చేయాలి. వరసగా మూడు రోజులు తొమ్మిదింటికల్లా ఖాళీలు నిండిపోతుంటే ఒక గడి పెంచండి. రోజూ రెండు మిగిలిపోతుంటే ఒకటి తగ్గించండి. వారానికి ఒక్కసారే, ఒక్కటే. రోజుకో లెక్క మారిస్తే మీకే గుర్తుండదు.

ఇప్పటికే మూడు వారాల దాకా టైములు ఇచ్చేసి ఉన్న క్లినిక్ అయితే రేపటి నుంచే ఖాళీలు వదలడం కుదరదు. వదలడానికి గడి ఉండదు. ఇచ్చినవన్నీ అయిపోయే తేదీ చూసుకుని, ఆ మర్నాటి నుంచి మొదలుపెట్టండి. ఈలోపు వచ్చేవాళ్ళ కోసం రోజూ సాయంత్రం ఒక గంట అదనంగా కూర్చోమని డాక్టరు గారిని ఒప్పించాలి. ఆ గంట లేకుండా పాత బాకీ తీరదు.

రిపోర్టులు

"రిపోర్టు చూపించి వెళ్ళిపోతామండీ, ఒక్క నిమిషం." క్లినిక్‌లో రోజంతా వినపడే అబద్ధం ఇది. తలుపు తీసుకుని ఒకరు దూరితే వెనకాల నలుగురు. మేము పదిన్నర, పదకొండున్నర, పన్నెండున్నరలకు పదేసి నిమిషాలు రిపోర్టులకే పెట్టాం. అప్పుడు ముగ్గురు నలుగురిని వరసగా పంపుతాం, మిగతా సమయంలో తలుపు తెరుచుకోదు. పరగడుపున రక్తం ఇచ్చినవాళ్ళకు రిపోర్టు టైము చీటీ మీద రాసిచ్చి, "వెళ్ళి ఇడ్లీ తిని రండమ్మా, మీ టైము ఎక్కడికీ పోదు" అని నోటితో కూడా చెప్పాలి.

దూరపు ఊళ్ళవాళ్ళ రిపోర్టులు ఫోనులోనే చూడొచ్చు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, అదే జబ్బుకు ఆరు నెలల లోపు స్వయంగా చూపించుకున్నవాళ్ళను ఫాలో-అప్ కింద ఫోనులో చూసే వీలుంది. డాక్టరు గారు సరేనంటే రోజుకు నాలుగు బస్సు ప్రయాణాలు తప్పుతాయి. ఆ నాలుగు ఫోన్లకూ పుస్తకంలో టైము రాయాలి. లేకపోతే భోజనం మానేసి మాట్లాడుతుంటారు.

ఫోను

పేరు, కొత్తా పాతా, ఏ ఊరు, ఏ బస్సుకు వస్తారు. ఇవి చాలు. బస్సు అడగకుండా టైమివ్వకూడదు. పదింటికి బస్సు దిగే మనిషికి తొమ్మిదీ నలభై ఇచ్చి, రాలేదని తిట్టుకుంటే లాభం లేదు.

గుండెల్లో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, పాము కాటు, ఫిట్స్: వీటికి టైము ఉండదు, గడీ ఉండదు. 108కి ఫోన్ చేయమనాలి, వెంటనే డాక్టరు గారికి చెప్పాలి. ఆ జాబితా డాక్టరు గారితో రాయించి ఫోను పక్కన గోడకు అంటించండి. కొత్తగా చేరిన అమ్మాయికి అది తప్ప ఇంకేమీ గుర్తు లేకపోయినా పర్లేదు.

ముందురోజు సాయంత్రం ఆరూ ఏడు మధ్య, మర్నాడు టైమున్న పన్నెండు మందికీ ఫోన్ చేయాలి. కుర్రాళ్ళకు వాట్సాప్ చాలు. పెద్దవాళ్ళకు మెసేజ్ పెడితే కొడుకు ఫోనుకు వెళుతుంది, కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. అమావాస్య అయితే "రేపు వద్దులే బాబూ" అని ఇద్దరు ముగ్గురు తప్పుకుంటారు, వాళ్ళకు అప్పుడే వేరే రోజు ఇచ్చేయండి.

మెడికల్ రెప్‌లను ఒంటిగంటకు రమ్మనండి. ఒంటిగంటకు ముందు వస్తే కూర్చోబెట్టకండి, కుర్చీలు పేషెంట్లవి.