గర్భసంచి క్లీనింగ్‌కి మత్తు: ఏ జోడీ ఎవరికి, మీరు అడగాల్సింది ఏంటి

కావలి చుట్టుపక్కల నర్సింగ్ హోముల్లో మత్తు ఇస్తూ తిరిగేవాణ్ణి. డీ అండ్ సీకి, అదే ఈ క్లీనింగ్‌కి, వచ్చినవాళ్లు అందరూ అడిగేది ఒకటే, "సగం మత్తా, ఫుల్లా సార్?" అని. పది నిమిషాల పనికి మేం ఇచ్చేది మామూలుగా రెండు మందుల జోడీ, ఒకటి నొప్పికి, ఒకటి నిద్రకి. వీటిలో చాలా జోడీలు విడివిడిగా ఇచ్చినప్పటికంటే కలిపి ఇచ్చినప్పుడు ఊపిరిని బాగా ఎక్కువగా అణుస్తాయి, మా టెన్షనంతా అక్కడే.

నేను ఎక్కువగా వాడేది నొప్పికి ఫెంటానిల్, నిద్రకి ప్రొపోఫాల్. ప్రొపోఫాల్ పాలలా తెల్లగా ఉంటుంది, ఎక్కేటప్పుడు చెయ్యి మండుతుంది, అందుకే ముందు కాస్త లిగ్నోకెయిన్ అనే తిమ్మిరి మందు వేస్తాం. అర నిమిషంలో నిద్ర, ఆపాక అయిదు పది నిమిషాల్లో మెలకువ, వాంతులు కూడా తక్కువ. కానీ బీపీ పడిపోతుంది, ఒక్కోసారి ఊపిరి కాసేపు ఆగుతుంది, పైగా దీనికి విరుగుడు సూది లేదు, మాస్కు పెట్టి గాలి కొట్టగలిగే మనిషి తల దగ్గర ఉండాల్సిందే.

ఫెంటానిల్, మిడజోలం (ఇదీ నిద్ర మందే) జోడీలో పిలిస్తే పలుకుతారు, తర్వాత చాలామందికి ఏమీ గుర్తుండదు. తేరుకోవడం మాత్రం నిదానం. రెండిటికీ విరుగుడు ఉంది, ఫెంటానిల్‌కి నాలాక్సోన్, మిడజోలంకి ఫ్లుమజెనిల్. విరుగుడు వేశాం కదా అని వదిలేయకూడదు, దాని పని అయిపోయాక మత్తు మళ్లీ కమ్మొచ్చు.

రక్తం బాగా పోయి బీపీ తగ్గి వచ్చినవాళ్లకి నేను కెటమిన్ వైపు చూస్తాను. నొప్పి, నిద్ర రెండూ అదే చూసుకుంటుంది, ఊపిరిని అంతగా అణచదు. లేచేటప్పుడు పీడకలలు, పిచ్చి మాటలు వస్తాయని కాస్త మిడజోలం కలుపుతాం. బీపీ ఎక్కువున్నవాళ్లకి ఇది నప్పదు. పెంటజోసిన్, బ్యుటార్ఫనాల్ అనే నొప్పి సూదులు పాతకాలం అలవాట్లు, పని ముగిశాక కూడా మగతగా, వికారంగా ఉంటుంది, వేరే దారి ఉంటే నేను ముట్టను.

ఇక మీ వంతు. రాత్రి చేపల పులుసు, పొద్దున కారం దోసె లాంటి బరువైన తిండికి ఎనిమిది గంటలు ఆగాలి, తేలిక టిఫినుకి ఆరు, ఉత్త నీళ్లకి రెండు. పాల టీ నీళ్ల లెక్క కాదు, తిండి లెక్కే! ఒకామె టేబుల్ మీద పడుకున్నాక "టీ ఒక్కటే సార్, ఎట్టా ఉండేది?" అంది, కేసు మధ్యాహ్నానికి వాయిదా. నిద్ర మాత్రలు, ఆస్తమా, గట్టిగా గురక, ఇంతకుముందు మత్తులో ఏదైనా తేడా చేయడం, ఇవన్నీ మొహమాటం లేకుండా చెప్పండి.

అడగాల్సిన ప్రశ్నలు రెండే. క్లీనింగ్ చేసే డాక్టరు కాక మత్తు చూసుకునే మనిషి వేరే ఉన్నారా? ఊపిరిని చూపించే క్యాప్నోగ్రాఫ్ ఉందా? ఆక్సిజన్ పెట్టాక ఊపిరి తగ్గినా వేలి క్లిప్పులో ఆక్సిజన్ అంకె ఆలస్యంగా పడిపోతుంది, అందుకు అడగమంటున్నా.

తిరుగు ప్రయాణానికి ఇంట్లోవాళ్లు ఒకరు తోడుండాలి. 24 గంటలు స్కూటీ ముట్టొద్దు, బ్యాంకు కాగితాల మీద సంతకాలు కూడా వద్దు.