నీళ్ళు మార్చిన మర్నాడే చేపలు చనిపోతుంటే: ఇంటి అక్వేరియం నీటి సమస్యలు, పరిష్కారాలు

అక్వేరియంలో చేపకు ఏదో అయిందనగానే చాలా ఇళ్ళలో మొదట జరిగే పని, తొట్టిని ఖాళీ చేసి, గులకరాళ్ళతో సహా కడిగి, కొత్త నీళ్ళు నింపడం. గిన్నెలు కడిగినట్టు తొట్టిని కూడా కడిగితేనే శుభ్రమనుకోవడం సహజమే గాని, నేను చూసినంతలో రోగాల కన్నా ఆ శుభ్రతే ఎక్కువ చేపల ప్రాణాలు తీసింది. అందుచేత ఇక్కడ ప్రతి లక్షణానికీ ముందు కారణం తేల్చుకొని, ఆ తర్వాతే చెయ్యవలసిన పని చెబుతాను.

కారణం తేల్చడానికి అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ (నీళ్ళు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) కొలిచే చుక్కల మందు కిట్లు, ఒక థర్మామీటరు ఉంటే చాలు. ఆర్వో ఫిల్టరు బాగుచేయడానికి వచ్చినవారి చేతిలో కనిపించే టీడీఎస్ మీటరు వీటికి బదులు కాదు. అది నీళ్ళలో కరిగిన లవణాల మొత్తాన్ని సుమారుగా చెబుతుందే తప్ప అమ్మోనియా ఉన్నదీ లేనిదీ చెప్పలేదు. మీటరు 150 చూపించే నీళ్ళలో చేపలు చనిపోవచ్చు, 700 చూపించే నీళ్ళలో మోలీ చేపలు హాయిగా పిల్లలు పెట్టవచ్చు. తొట్టి నీళ్ళతో పాటు, తొట్టిలో పోసే నీళ్ళను కూడా పరీక్షించాలి. బోరు నీళ్ళలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా కరిగి ఉంటుంది గనుక, పట్టిన వెంటనే కొలిస్తే పీహెచ్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. బకెట్లో పట్టి, ఒక రోజు గాలి తగలనిచ్చి కొలిస్తేనే అసలు విలువ తెలుస్తుంది.

లక్షణం: నీళ్ళు అద్దంలా ఉన్నాయి, కాని మార్చిన కొద్ది గంటల్లోనో, మర్నాడో, రెండు మూడు రోజుల్లోనో చేపలు చనిపోతున్నాయి

దీనికి మూడు కారణాలున్నాయి, మూడింటికీ చికిత్స వేరు.

మార్చిన గంట, రెండు గంటల్లోనే చేపలు అటూఇటూ దూసుకుపోతూ, మొప్పలు వేగంగా ఆడిస్తూ ఉంటే ముందుగా క్లోరిన్‌ను అనుమానించాలి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి చివర కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మనకు రక్షణ ఇచ్చే ఆ మోతాదే చేపల మొప్పలను కాలుస్తుంది. నల్లా నీళ్ళు ఎప్పుడూ పోస్తున్నవే, ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు అనేవారు ఒక సంగతి కనుక్కోవాలి: అపార్టుమెంటు డాబా మీది ట్యాంకును ఆ వారంలో కడిగి బ్లీచింగ్ పౌడరు చల్లారా? చల్లి ఉంటే బోరు నీళ్ళలోనూ క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి పాత్రలో 24 గంటలు ఉంచి, వీలైతే గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేస్తే క్లోరిన్ ఎగిరిపోతుంది. తొందర ఉంటే అక్వేరియం దుకాణాల్లో దొరికే హైపో పలుకులు, అంటే సోడియం థయోసల్ఫేట్, వాడవచ్చు. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు 7 మిల్లీగ్రాముల హైపో లెక్కన, లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న 50 లీటర్ల నీళ్ళకు 350 మిల్లీగ్రాములు సరిపోతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు మాత్రం నీళ్ళు నిలవ ఉంచే పద్ధతిని నమ్ముకోకూడదు. అక్కడి చాలా నగరాలు క్లోరమైన్ కలుపుతాయి, అది ఒక రోజులో ఎగిరిపోదు, దానిని విరగ్గొట్టినప్పుడు విడుదలయ్యే అమ్మోనియాను కూడా పట్టుకునే కండిషనర్ కావాలి.

చేపలు ఆ రోజు బాగానే ఉండి, రెండు మూడు రోజుల తర్వాత నీరసపడితే తప్పు ఫిల్టరు కడిగిన తీరులో ఉండవచ్చు. చేపల విసర్జన నుంచి, కుళ్ళిన మేత నుంచి పుట్టే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, మరొక రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి ఈదుతూ తిరిగేవి కావు. స్పాంజిలోనూ రాళ్ళ మీదా పొరలా అంటుకొని బతుకుతాయి. స్పాంజిని కుళాయి కింద పిండినప్పుడు మురికితో పాటు ఈ పనివాళ్ళూ కొట్టుకుపోతారు. నేనూ మొదటి రెండేళ్ళు స్పాంజి తెల్లబడేదాకా పిండినవాణ్ణే. తొట్టిలో నుంచి తోడిన నీళ్ళలో స్పాంజిని రెండు సార్లు నొక్కి, నీళ్ళు మళ్ళీ పారితే చాలనుకోవాలి. గోధుమరంగు మిగిలితే మిగలనివ్వాలి.

మూడో కారణం పాత తొట్లది, అన్నిటికన్నా మోసం చేసేది ఇదే. నెలల తరబడి నీళ్ళు మార్చకుండా, ఆవిరైనంత మేరకు నింపుకుంటూ పోయిన తొట్టిలో బాక్టీరియా చేసే పని నీటిలోని క్షారతను, అంటే పీహెచ్ పడిపోకుండా కాపాడే గుణాన్ని, తినేస్తూ పోతుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను నైట్రేట్‌గా మార్చడానికి కాల్షియం కార్బొనేట్ లెక్కలో సుమారు 7 మిల్లీగ్రాముల క్షారత ఖర్చవుతుంది. క్షారత అయిపోయాక పీహెచ్ దిగజారుతుంది, అది 6 దాపుకు వచ్చేసరికి బాక్టీరియా పనీ మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. అయినా చేపలు బతికే ఉంటాయి, ఎందుకంటే ఆమ్ల గుణమున్న నీళ్ళలో అమ్మోనియా దాదాపు అంతా అమ్మోనియం అనే, అంతగా హాని చెయ్యని రూపంలో ఉంటుంది. 25 డిగ్రీల వద్ద విషరూపంలో ఉండే భాగం పీహెచ్ 6లో నూటికి 0.06 మాత్రమే, పీహెచ్ 7లో 0.6, పీహెచ్ 8లో 5 దాటుతుంది. ఇప్పుడు ఆ ఇంటివారు ఒక ఆదివారం ఉత్సాహంగా సగానికి పైగా తోడి, పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్ళు నింపారనుకోండి. అమ్మోనియా మొత్తం సగానికి తగ్గుతుంది గాని, పీహెచ్ పైకి లేవడంతో దానిలోని విషం ఎన్నో రెట్లు పెరుగుతుంది. నీళ్ళు మార్చడం వల్లే చేపలు చచ్చాయని వాళ్ళు ఇంకెప్పుడూ మార్చరు, సమస్య మళ్ళీ మొదటికొస్తుంది. ఇలాంటి తొట్టిలో రోజుకు పదో వంతు చొప్పున, పది పదిహేను రోజుల పాటు మారుస్తూ, ప్రతి రోజూ పీహెచ్, అమ్మోనియా రెండూ చూసుకోవడమే దారి.

లక్షణం: కొత్త తొట్టి, నీళ్ళు పలచని పాలలా మారాయి, చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయి

పాల రంగు ప్రమాదం కాదు. కొత్త తొట్టిలో సేంద్రియ పదార్థం దొరికి, నీళ్ళలో తేలే వేరే బాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల వస్తుంది, కొన్ని రోజుల్లో దానంతటదే తేరుకుంటుంది. వర్షాకాలపు మట్టి నీళ్ళను తేర్చినట్టు పటిక వేయవద్దు. పటిక క్షారతను తగ్గించి పీహెచ్‌ను పడగొడుతుంది. చేపలు నోరు తెరవడానికి కారణం రంగు కాదు, అమ్మోనియా గాని నైట్రైట్ గాని. పైన చెప్పిన బాక్టీరియా స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి, చేపలు ఒకే రోజు కొని ఒకే సంచిలో తెచ్చుకున్న ఇంట్లో ఆ వారాలన్నీ చేపలు తమ విసర్జనలోనే ఈదుతాయి.

మేతను రెండు రోజులకొకసారికి తగ్గించి, అమ్మోనియా లేదా నైట్రైట్ లీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటిన ప్రతి రోజూ క్లోరిన్ తీసిన నీళ్ళతో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా మార్చాలి. తెలిసినవారి ఆరోగ్యమైన తొట్టిలో నుంచి వాడిన స్పాంజి ముక్క తెచ్చి మన ఫిల్టరులో ఉంచితే వారాల పని చాలా తగ్గుతుంది. నైట్రైట్ రక్తంలోకి చేరి ప్రాణవాయువును మోసే శక్తిని పోగొడుతుంది, మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి. లీటరుకు ఒక గ్రాము చొప్పున కల్లుప్పు కరిగించి పోస్తే ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను అడ్డుకుంటుంది. కోరిడోరాస్ వంటి పొలుసుల్లేని చేపలు, సున్నితమైన మొక్కలు ఉంటే ఇందులో సగంతో మొదలుపెట్టడం మేలు. భీమవరం, కైకలూరు వైపు చేపల, రొయ్యల చెరువుల్లో చల్లే జియోలైట్ అనే ఖనిజం తొట్టిలోనూ అమ్మోనియాను పీల్చుకుంటుంది. అయితే జియోలైట్ ఉన్నచోట ఉప్పు వేస్తే అది పీల్చుకున్న అమ్మోనియాను మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తుంది కనుక రెండూ కలపకూడదు. దుకాణదారు ఇచ్చే నీలం మందును ముందుజాగ్రత్తగా పోయడం కూడా తప్పే. మిథిలీన్ బ్లూ మంచి బాక్టీరియాను దెబ్బ తీస్తుంది.

లక్షణం: తెల్లవారుజామునో, కరెంటు పోయినప్పుడో, ఎండాకాలపు మధ్యాహ్నమో చేపలు పైకి వస్తున్నాయి

అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపిస్తుంటే ఇది ప్రాణవాయువు కొరత. నీళ్ళు 20 డిగ్రీల వద్ద లీటరుకు 9 మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువగా ప్రాణవాయువును పట్టుకోగలవు, 30 డిగ్రీల వద్ద సుమారు ఏడున్నరే. అదే వేడిలో చేపకు కావలసింది మాత్రం పెరుగుతుంది. మొక్కలు రాత్రంతా ప్రాణవాయువును వాడుకుంటాయి కాబట్టి తెల్లవారేసరికి అది అడుగంటుతుంది. చెరువు రైతులు వేకువజామున ఏరేటర్లు తిప్పేదీ ఇందుకే. ఫిల్టరు మూతి నీటి ఉపరితలాన్ని కదిలించేలా పెట్టడం, మూత కాస్త తెరవడం, టేబుల్ ఫ్యానును నీటి మీదికి తిప్పడం వెంటనే పనిచేస్తాయి. ఐస్ ముక్కలు వేయవద్దు. మూతపెట్టిన డబ్బాలో ఉండే కానిస్టర్ ఫిల్టరు గంటల తరబడి ఆగిపోతే, లోపలి బాక్టీరియా ఊపిరాడక చనిపోయి కుళ్ళుతుంది. కరెంటు వచ్చాక దాన్ని అలాగే నడిపించకుండా, లోపలి నీళ్ళు పారబోసి స్పాంజిలను తొట్టి నీళ్ళలో జాడించి పెట్టాలి.

పరీక్షలన్నీ బాగుండి, ప్రాణవాయువూ సరిపోతూ, చేపలు ఒక్కసారిగా గిరగిరా తిరిగి పడిపోతే గదిలో దోమల మందో, బొద్దింకల స్ప్రేయో కొట్టారేమో అడగండి. వాటిలోని పైరెత్రాయిడ్లు చేపలకు తీవ్రమైన విషం, ఎయిర్ పంపు గదిలోని గాలిని నేరుగా నీళ్ళలోకి తోస్తుంది. స్ప్రే కొట్టేటప్పుడు పంపు ఆపి, తొట్టిని తడిబట్టతో కప్పి, గది గాలి మారాకే మళ్ళీ ఆన్ చెయ్యాలి.

లక్షణం: ఎంత మార్చినా నైట్రేట్ తగ్గడం లేదు

పోసే నీళ్ళలోనే నైట్రేట్ ఉంది. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన ప్రమాణం చెబుతుండగా, తెలంగాణలో అనేక చోట్ల భూగర్భ జలాల్లో ఆ హద్దు దాటినట్టు కేంద్ర భూగర్భ జల మండలి పరీక్షల్లో తేలుతూ వస్తోంది. తొట్టిలో 40 లోపు, వీలైతే 20 లోపు ఉంచాలనుకుంటే అలాంటి బోరు నీళ్ళతో సాధ్యపడదు. ఒక వంతు బోరు నీళ్ళకు రెండు వంతుల ఆర్వో నీళ్ళు కలపడం తేలిక మార్గం: టీడీఎస్ 900 ఉన్న బోరు నీళ్ళు, 50 ఉన్న ఆర్వో నీళ్ళు ఇలా కలిస్తే సుమారు 330 వస్తుంది, నైట్రేట్ కూడా అదే దామాషాలో దిగుతుంది. మనీ ప్లాంట్ తీగను, ఆకులు బయట ఉండి వేళ్ళు మాత్రం నీళ్ళలో మునిగేలా తొట్టి అంచుకు తగిలిస్తే అది నైట్రేట్‌ను పీలుస్తూ పెరుగుతుంది. నైట్రేట్‌ను పట్టే ఖరీదైన రెసిన్ల కంటే నాకు ఇదే నచ్చింది.

శుద్ధమైన నీళ్ళు మంచివని పూర్తిగా ఆర్వో నీళ్ళే పోసేవారికి ఎదురు సమస్య వస్తుంది. వాటిలో క్షారత దాదాపు ఉండదు, పీహెచ్ నిలకడ లేకుండా పడిపోతుంది. తొట్టిలో పీహెచ్ ఇవాళ ఒకటి, వారం తర్వాత ఒకటి చూపుతుంటే ఫిల్టరులో గుప్పెడు పగడపు రాళ్ళ ముక్కలో, శుభ్రం చేసిన ఆల్చిప్పలో ఉంచితే అవి నెమ్మదిగా కరుగుతూ క్షారతను నిలుపుతాయి. తాత్కాలికంగా 50 లీటర్లకు ఒక గ్రాము వంటసోడా కరిగించి పోస్తే క్షారత లీటరుకు సుమారు 12 మిల్లీగ్రాములు పెరుగుతుంది. రోజుకు అంతకు మించవద్దు.

లక్షణం: నీళ్ళ రంగు మారింది

పచ్చబడితే కిటికీ ఎండ, ఎక్కువ మేత కారణాలు. తొట్టికి మూడు నాలుగు రోజులు దుప్పటి కప్పి, ఎయిర్ పంపు నడుపుతూ ఉంచి, ఆ తర్వాత మూడో వంతు నీళ్ళు మార్చి, లైటును రోజుకు ఆరేడు గంటలకు కుదించాలి. టీ డికాక్షన్‌లా అయితే అది అలంకరణకు పెట్టిన కొత్త దుంగ నుంచి దిగిన టానిన్ అనే రంగు పదార్థం, చేపలకు హాని లేదు. కంటికి నచ్చకపోతే యాక్టివేటెడ్ కార్బన్ సంచి పెట్టుకోవచ్చు.

అద్దం మీద నీటి అంచున తెల్లని సున్నపు గీత కడితే అది కఠిన జలం ఆవిరవుతున్న గుర్తు. నీళ్ళు ఆవిరైనా లవణాలు తొట్టిలోనే ఉంటాయి, కాబట్టి తగ్గినంత మళ్ళీ బోరు నీళ్ళే పోస్తే ప్రతి వారమూ కాఠిన్యం పెరుగుతుంది. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్ళు పోసి, వారపు మార్పుకు మాత్రమే బోరు, ఆర్వో కలిపిన నీళ్ళు వాడాలి. ఆ గీతను వెనిగర్‌లో తడిపిన గుడ్డతో, నీటిమట్టం రెండు అంగుళాలు దించాక, చుక్క లోపల పడకుండా తుడిస్తే పోతుంది.