పాఠం 15: ఉండబట్టలేక చేసినది వేరు, తప్పక చేసినది వేరు

ఈసారి ‘షుడ్ హావ్’ మొదలుపెడదామని పోయిన పాఠంలో మాట ఇచ్చాను. దాన్ని పదహారో పాఠానికి జరుపుతున్నాను. పోయిన పాఠంలోని ‘కాంట్ హెల్ప్’ (ఒక పని చేయకుండా ఉండలేను అని చెప్పే ఇంగ్లీషు వాడుక) మీద మీరు పంపిన జవాబులు చదివాక, దాన్ని ఇలా సగంలో వదిలి ముందుకు పోవడం న్యాయం కాదనిపించింది.

ఎక్కువమంది రాసిన వాక్యం ఇది: “ఐ కుడ్‌న్ట్ హెల్ప్ గోయింగ్ టు ద బ్యాంక్.” బ్యాంకుకు వెళ్లక తప్పలేదని చెప్పడం మీ ఉద్దేశం. వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. కానీ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి దీంట్లో వినిపించేది వేరు: బ్యాంకు కనిపించింది, మనసు ఆగలేదు, కాళ్లు అటే లాక్కెళ్లాయి అని. మిఠాయి దుకాణం గురించి అయితే చక్కగా నప్పే వాక్యం. బ్యాంకుకు నప్పదు.

ఈ పొరపాటులో నా వంతు ఉంది. “ఇట్ కాంట్ బి హెల్ప్‌డ్” అన్నదానికి ‘తప్పదు’ అని అర్థం ఇచ్చి ఊరుకున్నాను. అర్థం సరైనదే. పెళ్లికి బయలుదేరే వేళకు జోరున వాన పట్టుకుంటే “ఏం చేస్తాం, తప్పదు” అనుకుంటాం కదా, అక్కడ ఇంగ్లీషువాళ్లు అనేది అదే. ఆ ‘తప్పదు’ను మీరు వెళ్లక తప్పదు, కట్టక తప్పదు, చదవక తప్పదు అనే వాక్యాలన్నింటికీ అతికించారు. అక్కడ అతకదని నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది.

నిజానికి ఈ తేడా మనకు కొత్తది కాదు. తెలుగులోనే ఉంది. ‘వెళ్లక తప్పలేదు’ అన్నప్పుడు బలవంతం బయటి నుంచి వచ్చింది: గడువు, అధికారి, చట్టం, అవసరం. ‘నవ్వకుండా ఉండలేకపోయాను’ అన్నప్పుడు బయట ఎవరూ బలవంతపెట్టలేదు. లోపలి నుంచి తన్నుకొచ్చింది, ఆపడం చేతకాలేదు. ‘కాంట్ హెల్ప్’ తర్వాత ‘ఇంగ్’ వచ్చే వాక్యం ఈ రెండోదానికే. మొదటిదానికి మీకు బాగా తెలిసిన ‘హ్యాడ్ టు’ చాలు. ఇంకాస్త గట్టిగా చెప్పాలంటే ‘హ్యాడ్ నో చాయిస్ బట్ టు’.

నేను వాడే కొలబద్ద ఒకటి చెబుతాను. మీ తెలుగు వాక్యంలో ‘ఉండబట్టలేక’ అన్న మాట పెట్టి చూడండి. “ఉండబట్టలేక నవ్వాను”: సరిపోయింది, కాబట్టి “ఐ కుడ్‌న్ట్ హెల్ప్ లాఫింగ్.” “ఉండబట్టలేక అడిగేశాను”: “ఐ కుడ్‌న్ట్ హెల్ప్ ఆస్కింగ్.” “ఉండబట్టలేక కరెంటు బిల్లు కట్టాను”: ఇలా ఎవరైనా అంటారా? అనరు. అక్కడ “ఐ హ్యాడ్ టు పే ద బిల్.” ఇంత చక్కటి మాట మన దగ్గర ఉండగా నిఘంటువులో ‘తప్పించుకొనలేకపోవు’ లాంటి అర్థాలు వెతకడం అనవసరమని నా గట్టి నమ్మకం.

బిల్లుల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. తప్పనివాటి గురించి ఇంగ్లీషులో అందరికీ తెలిసిన జంట ఒకటి ఉంది: ‘డెత్ అండ్ టాక్సెస్’, చావూ పన్నులూ. ఈ లోకంలో ఖాయమని చెప్పదగినవి ఆ రెండు తప్ప ఏవీ లేవని అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1789 నవంబరులో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్తకు ఉత్తరం రాశాడు. ఆ జంట అంతకు ముందే, 1716 నాటికే ఇంగ్లండులో వాడుకలో ఉన్నా, లోకానికి గుర్తుండిపోయింది ఫ్రాంక్లిన్ ఉత్తరమే. ఇంగ్లీషులో ప్రచారంలో ఉన్న ఆ వాక్యంలోని మాట ‘సర్టెన్’. మనం తెలుగులో చావు తప్పదు, పన్ను తప్పదు అంటాం. అంతమాత్రాన “ఐ కాంట్ హెల్ప్ పేయింగ్ టాక్సెస్” అని రాస్తే, పన్ను కట్టాలన్న కోరిక మీలో ఉప్పొంగుతోందని అర్థం. ఎవరో బయట నిలబడి వసూలు చేసేదానికి ఈ వాక్యం పనికిరాదు.

‘ఉండబట్టలేక’ రెండు చోట్ల సరిపోదు. మొదటిది ఆలోచనలు. “ఐ కాంట్ హెల్ప్ థింకింగ్ హి ఈజ్ రైట్.” ఇక్కడ ‘ఎంత వద్దనుకున్నా’ పెట్టండి: ఎంత వద్దనుకున్నా అతను చెప్పిందే నిజమనిపిస్తోంది. ఫీలింగ్, వండరింగ్, నోటిసింగ్ కూడా ఈ కోవలోవే. రెండోది మన స్థితిగతులు. “ఐ కాంట్ హెల్ప్ బీయింగ్ షార్ట్”: పొట్టిగా ఉండటం నా చేతిలో లేదు. ఈ ‘చేతిలో’ అన్న మాటను గుర్తుపెట్టుకుంటే “నాట్ ఇఫ్ ఐ కెన్ హెల్ప్ ఇట్” కూడా తేలికవుతుంది: నా చేతిలో ఉన్నంతవరకు అలా జరగనివ్వను.

ఇక నన్ను బాగా బాధపెట్టిన తప్పు. “ఐ కుడ్‌న్ట్ హెల్ప్ నాట్ లాఫింగ్.” ఆ ‘నాట్’ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ‘నవ్వకుండా ఉండలేకపోయాను’లో మనకు రెండు వ్యతిరేకాలున్నాయి: నవ్వ‘కుండా’ ఒకటి, ఉండ‘లేక’ ఒకటి. ఇంగ్లీషులో పైకి కనిపించేది ‘కుడ్‌న్ట్’లో ఉన్న ఒక్కటే. రెండోది ఏమైందని వెతికి, మీరే ఒక ‘నాట్’ తెచ్చి చేర్చారు. ఆ రెండోది ‘హెల్ప్’ లోపలే ఉంది. ఈ వాడుకలో హెల్ప్ అంటే సాయం కాదు; ఆపడం, చేయకుండా ఉండటం. అందుకే హెల్ప్ లాఫింగ్ అంటేనే ‘నవ్వకుండా ఉండు’ అని. దానికి ముందు కాంట్ చేరితే ‘నవ్వకుండా ఉండలేను’. లెక్క అక్కడికి పూర్తయింది. మూడో వ్యతిరేకాన్ని చేర్చారంటే అర్థం తలకిందులవుతుంది: నవ్వాలని ఎంత చూసినా నవ్వు రాలేదని.

ఇది చిన్న విషయమని దయచేసి అనుకోకండి. స్నేహితుడి తండ్రి పోయారు. మీరు ఓదార్పుగా ఉత్తరం రాస్తూ “ఐ కుడ్‌న్ట్ హెల్ప్ నాట్ క్రయింగ్” అన్నారనుకోండి. ఏడుపు ఆపుకోలేకపోయానని మీ మనసు. ఎంత ప్రయత్నించినా ఏడుపు రాలేదని ఆ కాగితం మీద ఉంది. ఎదుటివాడు మీ మనసు ఎరిగినవాడైతే సర్దుకుంటాడు. ఎరగనివాడి సంగతేమిటి? మీ జవాబుల్లో ఈ వాక్యం ఉన్నవారు కాగితం తీసి ఆ ‘నాట్’ను ఇప్పుడే కొట్టేయండి. కొట్టేసిన వాక్యాన్ని పైకి మూడుసార్లు చదవండి. కంటి కంటే చెవికి ఇది త్వరగా పట్టుబడుతుంది.

మిగిలినవి క్లుప్తంగా. హెల్ప్ తర్వాత ‘టు లాఫ్’ రాయకూడదు. ‘బట్’ చేర్చితే ‘ఇంగ్’ పోతుంది: “ఐ కుడ్‌న్ట్ హెల్ప్ బట్ లాఫ్.” రెండు పద్ధతులూ సరైనవే. నేను ‘ఇంగ్’ పద్ధతినే వాడతాను, రెండూ ఒకేసారి నేర్చుకుంటే కలగాపులగం అవుతాయి. ఇంకొకటి: హెల్ప్ తర్వాత మనిషి వచ్చి వాక్యం ఆగిపోతే అది సాయమే. “ఐ కుడ్‌న్ట్ హెల్ప్ హిమ్”: అతనికి సాయం చేయలేకపోయాను. ‘హిమ్’ తీసి ‘ఇట్’ పెడితే: అది నా వశంలో లేకపోయింది.

అభ్యాసం. ఈసారి విడి వాక్యాలు ఇవ్వడం లేదు. కింది పేరాను ఇంగ్లీషులోకి మార్చండి:

“సెలవు దొరకలేదు. పండుగ రోజు కూడా ఆఫీసుకు వెళ్లక తప్పలేదు. దారిలో వేడి జిలేబీల వాసన తగిలింది. ఆగకుండా ఉండలేకపోయాను. ఆలస్యంగా చేరాను. మా అధికారి ఏమీ అనలేదు, కానీ ఆయన ముఖం చూశాక క్షమాపణ చెప్పక తప్పలేదు. నా మీద ఆయనకు నమ్మకం పోయిందేమోనని రోజంతా అనిపిస్తూనే ఉంది. సాయంత్రం అమ్మ ఫోను చేసి ‘తిన్నావా’ అని అడిగింది. ఏడుపు ఆపుకోలేకపోయాను. ‘ఏం చేస్తాం నాన్నా, తప్పదు’ అంది అమ్మ.”

ఇందులో ఒకచోట ‘హ్యాడ్ టు’ కూడా, ‘కుడ్‌న్ట్ హెల్ప్’ కూడా కుదురుతాయి. అది ఎక్కడో గుర్తించి రెండు రకాలుగానూ రాయండి. ఒకటి మార్చి ఇంకొకటి పెట్టినప్పుడు ఆ ఉద్యోగి మనసు ఎలా మారిపోతుందో తెలుగులో నాలుగు వాక్యాల్లో వివరించండి. ఆ తర్వాత ఒక రోజంతా మీ నోటి నుంచి, మీ ఇంట్లోవాళ్ల నోటి నుంచి వచ్చే ప్రతి ‘తప్పదు’నూ, ‘తప్పలేదు’నూ కాగితం మీద రాసుకోండి. పక్కన ‘బయట’ అనో ‘లోపల’ అనో గుర్తు పెట్టి, ఒక్కొక్కదానికీ ఇంగ్లీషు వాక్యం రాయండి. కనీసం ఇరవై ఉండాలి.