ఐరిష్ ఫిడిల్‌కు గిటార్ తోడు – 4వ పాఠం: గాంధారం వదిలేసే కార్డులు

పోయిన పాఠంలో రీల్‌కి (ఒక రకం ఐరిష్ నాట్య ట్యూన్) కుడిచేతి ఊపు చూశాం: బార్‌కి ఎనిమిది స్ట్రోకులు, కిందికీ పైకీ, చెయ్యి ఎక్కడా ఆగకుండా. అది ఇంకా తడబడుతుంటే ముందు దాన్నే సాధన చెయ్యండి, తొందరేం లేదు. ఈసారి పని ఎడమచేతిది.

మనం తీసుకునే ట్యూన్ కూలీస్ రీల్. గాల్వే కౌంటీకి చెందిన అకార్డియన్ వాద్యకారుడు జో కూలీ పేరు మీద చెలామణిలో ఉంది. చాలా ఐరిష్ ట్యూన్లలాగే ఇందులో రెండు భాగాలు. ఒక్కో భాగం ఎనిమిది బార్లు, దాన్ని రెండుసార్లు వాయిస్తారు. మొత్తం 32 బార్లు. స్కేలు 'ఇ' డోరియన్. కర్ణాటక సంగీతం వచ్చినవాళ్లు 'ఇ'ని షడ్జమం అనుకుంటే చాలు, ఇవి ఖరహరప్రియ స్వరాలే. గమకాల కోసం మాత్రం వెతక్కండి, ఈ ఫిడిల్ అలంకారాలైన రోల్, కట్, ట్రిప్లెట్‌ల దారి వేరు.

గిటార్ కాస్త వచ్చినవాళ్ల చెయ్యి ఇక్కడ అలవాటుగా 'ఇ' మైనర్ కార్డు మీదికి పోతుంది. ఒక్క నిమిషం ఆగి ట్యూన్ వినండి. మొదటి బార్‌లో ఫిడిల్ పలికేది 'ఇ', 'బి', 'ఎ', అంతే. మైనర్ అని తేల్చే గాంధారం (మూడో స్వరం), అంటే 'జి', రెండో బార్ చివరిదాకా రాదు. గిటార్ మొదటి స్ట్రోక్‌లోనే ఆరు తీగలతో మైనర్ అని తీర్పు ఇచ్చేస్తే ఫిడిల్‌కి చెప్పడానికి ఏం మిగులుతుంది? మూడో బార్ 'ఎఫ్ షార్ప్' మీద మొదలవుతుంది. 'డి' మేజర్ కార్డులో గాంధారం అదే. ఫిడిల్ పలికేస్తోంది కాబట్టి మనం మళ్లీ పలకక్కర్లేదు. పైగా ఫిడిల్‌కి ఫ్రెట్లు లేవు. పాతతరం వాద్యకారుల్లో కొందరు 'సి'ని, 'ఎఫ్'ని మామూలు స్వరానికీ షార్ప్‌కీ నడుమ ఎక్కడో పట్టేవారు. గిటార్ ఫ్రెట్ మీది స్వరం గట్టిగా మోగితే ఆ అందం కాస్తా చెడుతుంది.

అందుకే గాంధారం లేని కార్డులు. గిటార్‌ని డి-ఎ-డి-జి-ఎ-డి ట్యూనింగ్‌కి మార్చండి. మామూలు ట్యూనింగ్‌లో ఆరో తీగ, రెండో తీగ, ఒకటో తీగ ఒక్కోటి రెండేసి ఫ్రెట్ల మేర దించితే సరి, మిగతావాటిని ముట్టుకోవద్దు.

'డి' కార్డుకి ఒక్క వేలు చాలు: మూడో తీగ రెండో ఫ్రెట్, మిగతా అయిదూ ఖాళీ. మోగేవన్నీ 'డి', 'ఎ'లే. 'ఇ' కార్డుకి అదే ఆకారం రెండు ఫ్రెట్లు పైకి జరుగుతుంది. చూపుడువేలిని రెండో ఫ్రెట్ దగ్గర ఆరు, అయిదు, నాలుగు తీగల మీద అడ్డంగా పడుకోబెట్టి, ఉంగరపు వేలితో మూడో తీగ నాలుగో ఫ్రెట్ నొక్కండి. రెండో తీగ, ఒకటో తీగ ఖాళీగానే మోగనివ్వండి. ఆ 'ఎ', 'డి' రెండు కార్డుల్లోనూ శ్రుతిలా నిలబడతాయి. చూపుడువేలి కొస మూడో తీగ దాకా జారినా ఫర్వాలేదు, రెండో తీగకి తగిలితే మాత్రం మోత చచ్చిపోతుంది.

మొదటి భాగానికి వరస ఇది: రెండు బార్లు 'ఇ', రెండు బార్లు 'డి', మళ్లీ రెండు 'ఇ', ఏడో బార్ 'డి', ఎనిమిదో బార్‌లో సగం 'డి', సగం 'ఇ'. రెండో భాగానికీ ఇదే సరిపోతుంది. మెట్రోనోమ్ 60 మీద పెట్టి, బార్‌కి రెండు క్లిక్కుల లెక్కన వాయించండి. పబ్ సెషన్లలో (వాద్యకారులు కలిసి కూర్చుని వాయించే చోట) ఈ వేగం 100 దాటడం మామూలే కానీ, ఇప్పుడే ఆ టెన్షన్ వద్దు.

ఇక వినడం. 1920లలో న్యూయార్క్‌లో మైకేల్ కోల్‌మన్ చేసిన రికార్డుల్లో ఫిడిల్ అద్భుతంగా ఉంటుంది, వెనక పియానో చాలాచోట్ల ట్యూన్ తెలియనట్టే పోతుంది. తర్వాత కెవిన్ బర్క్, మీహాల్ ఓ డోనల్ జంట 1979లో చేసిన డ్యుయెట్లు వినండి. అక్కడ గిటార్‌కి ట్యూన్ కంఠతా వచ్చు. చివరికి ఈస్ట్ క్లేర్ ఫిడిలర్ మార్టిన్ హేస్, షికాగో గిటారిస్టు డెనిస్ కహిల్ 1997లో చేసిన 'ది లోన్‌సమ్ టచ్'. కహిల్ చాలాచోట్ల రెండు మూడు స్వరాలతోనే సరిపెడతాడు. నా మటుకు ఈ జంట వాద్యంలో ఆయన్ని మించినవాళ్లు లేరు.

సెషన్‌కి వెళ్లే అవకాశం దొరికితే ఒక మర్యాద: అక్కడ అప్పటికే ఒక గిటార్ మోగుతుంటే మీది కేసులోంచి తీయకండి. ఇద్దరు చెరో కార్డు వేస్తే ఫిడిలర్ మొహంలోనే తెలిసిపోతుంది.

వచ్చే పాఠంలో ఇంకో రకం నాట్య ట్యూన్, 6/8 జిగ్‌కి మళ్లుతాం. ఈలోగా కూలీస్ రీల్‌ని గిటార్ పట్టకుండా నోటితో పాడటం నేర్చుకోండి. రెండో భాగం ఎక్కడ మొదలవుతుందో తడుముకోకుండా తెలిసేదాకా పాడాలి.