మాలా-ఎన్ వాడుతున్నప్పుడు నెలసరి తేదీ అటూ ఇటూ అయితే

గర్భం రాకుండా రోజూ వేసుకునే మాలా-ఎన్ షీట్‌లో 28 మాత్రలుంటాయి. 21 తెల్లవి, హార్మోన్లు వాటిలోనే. మిగిలిన ఏడు రంగువి ఉత్త ఐరన్. తెల్లవి అయిపోగానే ఒంట్లో హార్మోన్ తగ్గి గర్భాశయం లోపలి పొర ఊడి వస్తుంది. ఆఖరి తెల్ల మాత్ర వేసుకున్న రెండు నుంచి నాలుగు రోజుల్లో రక్తం కనబడటం మామూలు. ఆదివారం షీట్ మొదలుపెడితే 21వ మాత్ర శనివారానికి వస్తుంది, సోమ మంగళ బుధవారాల్లో బహిష్టు. గురువారమైనా కంగారు లేదు.

చాలామంది బోల్తాపడేది ఆ తర్వాత. ఇంకా రాలేదనో, వచ్చింది ఆగలేదనో కొత్త షీట్ పక్కన పెడతారు. ఏడో ఐరన్ మాత్ర మర్నాడే, రక్తం పోతున్నా సరే, కొత్త షీట్ మొదలుపెట్టాలి. తెల్ల మాత్ర లేని రోజులు ఏడు దాటితే అండం విడుదల కావచ్చు, గర్భం రావచ్చు.

మొదటి రెండు మూడు నెలలు మధ్యమధ్య మరకలు కనిపిస్తాయి. మాత్రలు ఆపక్కర్లేదు, రాత్రి భోజనమయ్యాక రోజూ ఒకే వేళకు వేసుకోండి. పోనుపోను పొర పలచబడి స్రావం తగ్గుతుంది, ఏదో ఒక నెల అసలు రాకపోవచ్చు. చెడు రక్తం లోపల నిలిచిపోయిందనే మాట నమ్మొద్దు, ఊడి రావడానికి అక్కడ పొరే సరిగా లేదు. మాత్రలు తప్పి ఆ నెల రాకపోయినా, తప్పకుండానే వరసగా రెండు నెలలు రాకపోయినా పొద్దున్నే తొలి మూత్రంతో గర్భ పరీక్ష చేసుకోండి. రిఫాంపిసిన్ ఉన్న టీబీ మందులు, ఫెనిటోయిన్, కార్బమజెపైన్ లాంటి మూర్ఛ మందులు వాడేవారికి ఈ మాత్ర సరిగా పనిచేయదు, డాక్టరుకు చెప్పి వేరే పద్ధతి చూసుకోవాలి.

ఒక తెల్ల మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, ఆ రోజుది దాని వేళకు వేసుకోవాలి. రెండు, అంతకంటే ఎక్కువ తప్పితే ఒకటి వెంటనే వేసుకుని, తప్పిన మిగతావి వదిలేసి, రోజువారీవి కొనసాగిస్తూ ఏడు రోజులు కండోమ్ వాడాలి. మూడో వారంలో తప్పితే తెల్లవి పూర్తిచేసి, ఐరన్‌వి వదిలేసి నేరుగా కొత్త షీట్‌కు వెళ్లాలి. మొదటి వారంలో తప్పి, ఆ రోజుల్లో కలిసి ఉంటే ఆలస్యం చేయకుండా అత్యవసర మాత్ర గురించి ఆశా కార్యకర్తనో డాక్టరునో అడగండి. తప్పిన మర్నాడో ఆ పైనో కనిపించే రక్తాన్ని నెలసరి అనుకుని షీట్ ఆపకండి.

పెళ్లికో వ్రతానికో తేదీ జరపాలన్నా ఇదే కిటుకు: ఐరన్‌వి మానేసి రెండో షీట్ తెల్లవి వెంటనే మొదలుపెడితే బహిష్టు ఆ షీట్ చివరికి పోతుంది. మధ్యలో కాస్త మరక పడొచ్చు, ప్యాడ్ దగ్గర ఉంచుకోండి.