ఊరి పాత బండ్ల దావను రికార్డుల్లో పట్టుకుని మళ్లీ తెరిపించడం ఎలా?

మా జమ్మలమడుగు వైపు గుట్ట మీది గుడికి తిరనాలప్పుడు బండ్లు పోయే పాత దావ ఒకటి ఏటేటా సన్నబడి, చివరికి మనిషి పక్కకు తిరిగి నడిచేంత మిగిలింది. దాని పక్కనే దిగుడు బావి, రాతి మంటపం ఉన్నాయి, వాటి దగ్గరికి పోవాలంటే కంప దాటాలి. ఇట్లాంటి దావలు కొన్ని దగ్గరుండి కొలిపించాను. ప్రతి ఊళ్లోనూ అదే తప్పు: కోపంలో ముందు అర్జీ రాసేస్తారు, రికార్డు తర్వాత చూస్తారు.

ముందు కాగితాలు. గ్రామ పటం, దావ తగిలే ప్రతి సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం), డైగ్లాట్ (ఏ నంబరు ఏ రకం భూమో రాసి ఉండే పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు) పేజీ, అడంగల్. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. రీసర్వే అయిన ఊరైతే ఎల్‌పీఎం (కొత్త కొలతతో గీసిన భూమి పటం) కూడా తీసుకోండి కానీ అదొక్కటే పట్టుకుని కూర్చోవద్దు. పాత కొలత పాత ఎఫ్‌ఎంబీలోనే ఉంటుంది.

తర్వాత నడవండి. శనగ కోసేశాక, చేన్లు ఖాళీగా ఉన్నప్పుడు, తెల్లవారుజామునే, ఊళ్లో పెద్ద వయసు రైతును ఒకరిని వెంటబెట్టుకుని. మా దావలో ఒకచోట నాపబండ మీద చక్రాలు అరగదీసిన రెండు గాళ్లు కనపడ్డాయి, జానెడు వెడల్పు కూడా లేవు, మట్టి తుడిస్తే నున్నగా చేతికి తగిలాయి. అట్లాంటివి, పాతిన రాళ్లు, బావి గట్టు, అన్నీ ఫొటోలు తీయండి.

ఇక్కడ ఆగండి. పని నిలిచేదీ చెడేదీ ఇక్కడే.

గ్రామ పటంలో దావ గీతను భూతద్దం పెట్టి చూడండి. రెండు పక్కలా నిండు గీతలుండి, మధ్యలో దానికంటూ సొంత సర్వే నంబరు ఉండి, డైగ్లాట్‌లో ఆ నంబరుకు ఎదురుగా పోరంబోకు, రస్తా అనో బండిదారి అనో రాసి ఉంటే అది సర్కారు భూమి. ఇంకొకరి ఆస్తి అని తేలితే తప్ప రోడ్లు, సందులు, బాటలు అన్నీ ప్రభుత్వానివేనని 1905 నాటి భూ ఆక్రమణల చట్టం రెండో సెక్షన్‌లోనే ఉంది. అదే చట్టం సెక్షన్ 7 కింద నోటీసు, సెక్షన్ 6 కింద తొలగింపు. మీ అర్జీలో ఈ రెండు నంబర్లు ఉండాల్సిందే.

అదే దావ ఎవరో రైతు సర్వే నంబరు లోపల చుక్కల గీతగా ఉంటే లెక్క పూర్తిగా వేరు. నేల పట్టాదారుది, ఊరికి ఉండేది నడిచే హక్కు. దాన్ని ఆక్రమణ అని రాస్తే ఇది పట్టా భూమి అని ఒక్క ముక్క రాసి అర్జీ మూసేస్తారు, ఆ కాగితాన్నే రేపు అవతలివాళ్లు కోర్టులో చూపిస్తారు. మొదటిసారి నేను చేసింది ఇదే, ఎనిమిది నెలలు పోయాయి. చుక్కల గీతకు పనికొచ్చేది 1882 ఈజ్‌మెంట్ చట్టం, ఇంకొకరి నేల మీద దారి లాంటి హక్కుల చట్టం. 20 ఏళ్లు అడ్డంకి లేకుండా, ఒకరి దయతో కాకుండా హక్కుగా నడిచామని చూపాలి, దారి మూసిన 2 ఏళ్లలోపు సివిల్ కోర్టుకు పోవాలి. అందుకే కంప వేసిన తేదీ ఆ రోజే రాసి పెట్టుకోండి. దానికి ముందు పట్టాదారు ఇంటికి పోయి కూర్చుని మాట్లాడండి. పంచాయతీ పేరుతో దానపత్రం రాయడానికి ఒప్పుకున్నవాళ్లు నాకు తెలుసు, వాళ్ల మీద ముందే అర్జీ పెట్టి ఉంటే ఒప్పుకునేవాళ్లు కాదు.

ఇంకో సంగతి. ఒకే దావ మొత్తం ఒకరిదే అనుకోవద్దు. 1830లో, కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి పోతూ కడప, దువ్వూరు మీదుగా అహోబిలం, అక్కడినుంచి ఆత్మకూరు, నాగలూటి మీదుగా శ్రీశైలం చేరాడు. ఆయనకది ఒకటే దావ. ఇప్పుడు ఊళ్ల మధ్య ముక్కలు రోడ్ల శాఖ, పంచాయతీల చేతుల్లో ఉన్నాయి, నాగలూటి నుంచి అడవి ముక్క అటవీ శాఖది, పులుల అభయారణ్యం. మీ దావ కూడా అంతే, వంక దాకా రస్తా, వంక దాటాక పట్టా, గుట్ట కింద రిజర్వు ఫారెస్టు కావచ్చు. గండికోట, గుత్తి లాంటి కేంద్ర రక్షిత కోటల దగ్గరైతే 100 మీటర్ల లోపల కొత్త కట్టడాలకు వీల్లేదు, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతి కావాలి, కాబట్టి పంచాయతీ తీర్మానం చేసింది కదా అని జేసీబీ దింపొద్దు. ముక్కకొక పేజీ రాసుకోండి, ఏ సర్వే నంబరు, ఎవరి చేతిలో ఉంది, ఎవరికి అర్జీ. ముక్కకొక అర్జీ. అన్నీ కలిపి ఒకే అర్జీ రాస్తే ఒక్క ఆఫీసూ అది తనది అనదు.

కొలత రోజు ఒక్కటి చూసుకోండి. పాత ఎఫ్‌ఎంబీలో అంకెలు చాలాసార్లు లింకులు, అడుగులు కావు. 100 లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. 40 అని ఉంటే 26 అడుగుల పైచిలుకు. దాన్ని 40 అడుగులుగా చదివి పక్క రైతు చేన్లోకి 13 అడుగులు జరిగి కొట్లాటకు దిగిన ఊరును చూశాను. సర్వేయర్‌ను పొలిమేర రాయి దగ్గర మొదలుపెట్టమనండి, ఇప్పుడున్న గెనెం (పొలం గట్టు) దగ్గర వద్దు, అది జరిగిన గెనెమే కావచ్చు. సెల్‌ఫోన్ మ్యాపుతో కొలవడం నేను ఒప్పుకోను, నాలుగైదు మీటర్లు అటూ ఇటూ పోతే సన్నని దావ మొత్తం పోయినట్టే. రెండు పక్కల రైతులూ ఉండాలి, పంచనామా మీద వాళ్ల సంతకాలు ఉండాలి.

మిగతాది తేలిక. అర్జీ, ఎఫ్‌ఎంబీ, పంచనామా జతచేసి తహసీల్దార్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి, కదలకపోతే సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కు పోండి. తొలగింపు అయ్యాక రాళ్లు పాతించి, పంచాయతీ తీర్మానంలో సర్వే నంబరు, వెడల్పు రెండూ రాయించండి. ఆ వారంలోనే ఎద్దుల బండో ట్రాక్టరో ఆ దావన బావి దాకా తోలించండి, తొలివానకు ముందే.